కడుపునొప్పులన్నీ గ్యాసు కాదు

పాల కేంద్రం వద్ద మనము రోజూ రెండు పూటలా ఫ్యాటు గురించి, ఎస్.ఎన్.ఎఫ్. గురించి మాట్లాడుకుంటాము. గేదె నెమరు వేయకపోతే వెంటనే డాక్టరుకు కబురు పెడతాము. మన కడుపు సంగతి మాత్రం సోడాతో సరిపెట్టుకుంటాము. అందుచేత ఈ పాఠం పశువుల గురించి కాక మనుషుల గురించి వ్రాస్తున్నాము.

కొన్నేండ్ల క్రిందట ఒక సంఘంలో మేము లెక్కలు తనిఖీ చేస్తుండగా కార్యదర్శి గారు పదే పదే ముందుకు వంగి కూర్చుంటున్నారు. ఏమని అడిగితే, "ఏం లేదు సార్, గ్యాసు. రాత్రి నుంచీ వీపులోకి పొడుస్తోంది" అన్నారు. మేమే సోడా తెప్పించి తాగించి, నగదు పుస్తకం సరిచూసే దాకా ఆయనను లేవనివ్వలేదు. మూడవనాడు ఆయనను ఆసుపత్రికి మోసుకుపోయినారు. పిత్తాశయంలో రాళ్ళు, వాటి వలన క్లోమ గ్రంథి వాపు అని తేలినది. నెల పైన మంచంలో ఉండి బ్రతికి బయటపడినారు. ఆ సోడా సంగతి మేము ఇంతవరకు మరువలేదు.

క్లోమము జీర్ణకోశం వెనుక, వెన్నెముకకు ముందు ఉండే జానెడు గ్రంథి. రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ ఇక్కడే తయారగును. క్రొవ్వును, మాంసకృత్తులను, పిండి పదార్థాలను అరిగించే రసం కూడా ఇక్కడిదే. ఈ రసం ప్రేగులోకి చేరిన తరువాతనే పని మొదలుపెట్టవలెను. క్యానులోని పాలు చల్లబరచు కేంద్రం చేరకముందే దారిలో విరిగిపోతే ఏమగునో, ఇక్కడా అంతే. రసం గ్రంథిలో ఉండగానే పనిచేయ మొదలిడితే ఆ గ్రంథినే అరిగించివేయును.

దీనికి ముఖ్య కారణాలు రెండు: పిత్తాశయపు రాళ్ళు, సారాయి. రక్తంలో ట్రైగ్లిజరైడ్ అనే క్రొవ్వు 1000 మిల్లీగ్రాములు దాటినా రావచ్చును. చుట్ట, బీడీ కూడా దీనికి తోడ్పడును. పాల బిల్లు ముట్టిన సాయంత్రమే దుకాణం దారి పట్టే సభ్యులు కొందరున్నారు. వారి పేర్లు ఇక్కడ వ్రాయము, వారి ఇండ్లలోని ఆడవారికి తెలుసు.

పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పోయే నొప్పి, వెల్లకిల పడుకుంటే పెరిగి ముందుకు వంగితే కాస్త తగ్గుట, ఆగని వాంతులు, జ్వరము దీని గుర్తులు. ఆసుపత్రిలో రక్తంలోని లైపేజు లేక అమైలేజు చూచెదరు. అది మామూలు హద్దుకు మూడు రెట్లు మించితే అనుమానం బలపడును. రాళ్ళ కోసం అల్ట్రాసౌండు తీసెదరు.

చికిత్సలో మొదటిది సెలైను, నొప్పి తగ్గే మందు. పూర్వము దినాల తరబడి నోటికి ఏమీ ఇచ్చేవారు కారు. ఇప్పుడు తేలిక వాపులో వాంతులు తగ్గి ఆకలి వేయగానే మెత్తని ఆహారం మొదలుపెడుతున్నారు. అయితే అది డాక్టరు చెప్పిన మీదటనే. ఎక్కువమందికి వారంలోపే తగ్గును. కొందరికి గ్రంథి చచ్చుబడి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతినును. ఇంట్లో గడిపిన ప్రతి పూటా అటువంటి వారికే నష్టము. రాళ్ళే కారణమైతే పిత్తాశయం తీసివేయవలెను, లేకున్న నొప్పి మళ్ళీ వచ్చును. అది లేకపోతే అరుగుదల ఎట్లా అని చాలామంది భయపడెదరు. పైత్యరసం తయారుచేసేది కాలేయము, పిత్తాశయం నిలవ ఉంచే తిత్తి మాత్రమే. పాలిచ్చేది గేదె గాని క్యాను కాదు గదా!

సారాయి మానని వారిలో వాపు పాతబడి గ్రంథి గట్టిపడును. అప్పుడు తిన్న క్రొవ్వు అరగక విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో నీటిపై తేలును. బ్యుటిరోమీటరులో వెన్న పైకి తేలుట చూచినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మనిషి చిక్కిపోవును, చక్కెర వ్యాధి వచ్చును. ఇటువంటి వారికి భోజనంతో పాటు మింగే ఎంజైము గొట్టం బిళ్ళలు ఉన్నవి.

నిజమైన గ్యాసు, పుల్లని త్రేన్పులు వేరు. ఒంటినొప్పులకని రోజూ మింగే బిళ్ళల వలన కడుపులో పుండ్లు పడును. హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి వలన కూడా పడును. దానికి నిర్ణీత దినాలు వాడే మందులు కలవు. గుండెపోటు సైతం పొట్ట పైన నొప్పిగా రావచ్చును, ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవారికి. చెమటలు పోసి ఆయాసపడితే సోడా కోసం కాదు, 108 కోసం పరుగెత్తవలెను.

పాలు తాగితే పొట్ట ఉబ్బునని కొందరు సభ్యులు మాతో అంటారు, కొంచెం సిగ్గుపడుతూ. ఇది తప్పు కాదు, పాలకూ చెడ్డపేరు కాదు. పెద్దయిన తరువాత పాలలోని లాక్టోజును అరిగించే శక్తి చాలామందికి తగ్గును. పెరుగులో సూక్ష్మజీవులు దానిని కొంత తినివేయుట వలన వారికి పెరుగు, మజ్జిగ సరిపడును. పాత క్లోమ వ్యాధి ఉన్నవారు గేదె పాలను వెన్న తీసి వాడుకొనుట గురించి తమ డాక్టరును అడిగి తెలుసుకొనవలెను.