కార్బురేటర్‌ను తప్పుపట్టే ముందు

పిల్లలూ! ఆఫీసు అంబాసిడర్ కారు గురించి మీ తాతగారో, అమ్మమ్మో ఎప్పుడో ఒకసారి చెప్పే ఉంటారు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు నమూనాతో ఆ కారు కోల్‌కతా దగ్గరున్న ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైంది. చాలా ఏళ్లు దానిలో వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు ఇంగ్లండులో ఒక చుట్టం ఉంది. అదే ఎంజీబీ స్పోర్ట్స్ కారులోని 1798 సీసీ ఇంజను. రెండూ బీ-సిరీస్ అనే ఒకే కుటుంబానివి.

ఎంజీబీ కార్లను 1962 నుంచి 1980 వరకు ఆబింగ్డన్ పట్టణంలో 5 లక్షలకు పైగా తయారు చేశారు. ఇష్టంగా కాపాడుకునేవారు వాటిని ఇప్పటికీ నడుపుతున్నారు. నేటి కార్లలో లోపం ఎక్కడుందో కంప్యూటరే చాలావరకు చూపిస్తుంది. ఈ పాత కారులో కంప్యూటర్ లేదు. కంటితో, చెవితో, ముక్కుతోనే లోపాన్ని పట్టుకోవాలి. అదెలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కార్బురేటర్ చేసే పని

పెట్రోలు మండాలంటే గాలి కావాలి. 1 కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 15 కిలోల గాలి పడుతుంది. ఈ రెంటినీ సరైన పాళ్లలో కలిపి ఇంజనుకు అందించేదే కార్బురేటర్. పెట్రోలు ఎక్కువైతే ఆ మిశ్రమాన్ని మెకానిక్‌లు రిచ్ అంటారు. అప్పుడు నల్లటి పొగ వస్తుంది, పెట్రోలు వృథా అవుతుంది. పెట్రోలు తక్కువైతే లీన్ అంటారు. అప్పుడు ఇంజను తడబడుతుంది, వేడెక్కుతుంది. అలాగే నడిపితే వాల్వులు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇంగ్లండులో అమ్మిన ఎంజీబీలకు రెండేసి ఎస్‌యూ కార్బురేటర్లు ఉండేవి. ఎస్‌యూ అంటే స్కిన్నర్ యూనియన్. స్కిన్నర్ సోదరులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీన్ని రూపొందించారు. వారిది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. అందుకేనేమో, మొదటి కార్బురేటర్లలో తోలుతో చేసిన తిత్తి ఉండేది! తరువాత దాని స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది.

ఈ పిస్టన్ అడుగున ఒక సన్నని సూది ఉంటుంది. అది క్యారెట్‌లాగా కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. ఈ సూది జెట్ అనే చిన్న గొట్టంలో దిగి ఉంటుంది. ఇంజను ఎక్కువ గాలి పీల్చినప్పుడు పిస్టన్ పైకి లేస్తుంది. దానితోపాటు సూదీ లేస్తుంది. రంధ్రంలో ఖాళీ పెరిగి ఎక్కువ పెట్రోలు వస్తుంది. గాలి తగ్గితే పిస్టన్ దిగుతుంది, పెట్రోలూ తగ్గుతుంది. ఎంత గాలికి అంత పెట్రోలు అన్నమాట!

జెట్ కింద ఒక నట్టు ఉంటుంది. దాన్ని పైకి బిగిస్తే జెట్ పైకి జరిగి మిశ్రమం లీన్ అవుతుంది. కిందికి వదులు చేస్తే రిచ్ అవుతుంది. చలిలో బండి స్టార్ట్ చేయడానికి లాగే చోక్ కూడా జెట్‌ను కాసేపు కిందికి దించుతుంది. చోక్ నొక్కేయగానే జెట్ తిరిగి పైకి వచ్చి నట్టుకు ఆనుకోవాలి. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు మనకు అవసరం అవుతుంది.

ఒక కారు, ఒక ఫిర్యాదు

ఒక ఎంజీబీ చలికాలమంతా షెడ్డులో ఉందనుకుందాం. వసంతం రాగానే యజమాని దాన్ని బయటికి తీశాడు. చోక్ లాగితే ఇంజను స్టార్ట్ అయింది. కానీ వేడెక్కాక కూడా నల్లటి పొగ ఆగలేదు. స్లో స్పీడు నిలకడగా లేదు, పికప్ లేదు. యజమాని వెంటనే స్పానర్ అందుకుని కార్బురేటర్ నట్లు తిప్పబోయాడు.

ఇక్కడే ఆగాలి. కార్బురేటర్ బయటికి కనబడుతుంది, దానికి తిప్పడానికి నట్టు ఉంది. అందుకే ఏ తప్పు జరిగినా నింద దానిమీదే పడుతుంది. నిజానికి చాలాసార్లు తప్పు మరెక్కడో ఉంటుంది. అనుభవమున్న మెకానిక్ ఒక వరుసలో వెతుకుతాడు.

మొదటి మెట్టు: వాసన, చప్పుడు. బీ-సిరీస్ ఇంజనులో కార్బురేటర్లు, వేడి పొగ వెళ్లే గొట్టాలు ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్ పైన, వేడి గొట్టం కింద. పెట్రోలు పొంగి దానిమీద పడితే కారు అంటుకోవచ్చు. అందుకే అన్నిటికన్నా ముందు ఎక్కడైనా పెట్రోలు కారుతోందా అని చూడాలి. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పితే, కారు వెనక భాగంలో ఉన్న ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు టిక్ టిక్ అంటుంది. కార్బురేటర్ గిన్నెలు నిండాక ఆ చప్పుడు ఆగిపోవాలి. ఆగకుండా కొడుతూనే ఉంటే పెట్రోలు ఎక్కడో పొంగుతోందనో, కారుతోందనో అనుమానించాలి. మన కారులో చప్పుడు ఆగింది. కాబట్టి ఆ అనుమానం తీరింది.

రెండో మెట్టు: ప్లగ్గులు. నిప్పురవ్వ సరిగా లేకపోయినా ఇంజను మిస్ అవుతుంది. ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్ సరిచూశాకే కార్బురేటర్ వైపు రావాలి. ఎంజీబీలో ప్లగ్గు గ్యాప్ సుమారు 0.6 మిల్లీమీటర్లు. గ్యాప్‌తోపాటు ప్లగ్గు రంగు కూడా చూడాలి. లేత గోధుమరంగు ఉంటే మిశ్రమం బాగుంది. నల్లటి మసి ఉంటే రిచ్. తెల్లగా ఉంటే లీన్. మన కారులో నిప్పురవ్వ బాగానే ఉంది. కానీ 1, 2 ప్లగ్గులు నల్లగా, 3, 4 ప్లగ్గులు గోధుమరంగులో ఉన్నాయి. ముందున్న కార్బురేటర్ ముఖ్యంగా 1, 2 సిలిండర్లకు, వెనకది 3, 4 సిలిండర్లకు మిశ్రమం అందిస్తాయి. అంటే వెనకదాని తప్పేమీ లేదు. వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది!

మూడో మెట్టు: దొంగగాలి. కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్య ప్యాకింగ్ పాడైతే అక్కడినుంచి అదనపు గాలి దూరుతుంది. అప్పుడు మిశ్రమం లీన్ అవుతుంది. మన ఫిర్యాదు రిచ్ గురించి కాబట్టి ఇది కారణం కాదు.

నాలుగో మెట్టు: పిస్టన్. ఇంజను ఆపి, పిస్టన్‌ను వేలితో పైకి లేపి వదలాలి. అది నున్నగా దిగి టక్కుమని తగలాలి. మధ్యలో ఆగిపోతే లోపల మురికి ఉందన్నమాట. విప్పి శుభ్రం చేయాలి. అయితే ఒక కార్బురేటర్ పిస్టన్‌ను ఇంకోదాంట్లో పెట్టకూడదు. పిస్టన్, దాని గుమ్మటం జతగా తయారైనవి. పిస్టన్ నడిమి కడ్డీలో కొంచెం ఆయిల్ కూడా ఉండాలి. అది లేకపోతే యాక్సిలరేటర్ నొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి ఇంజను తడబడుతుంది. మన కారులో పిస్టన్ టక్కుమంది, ఆయిల్ కూడా ఉంది.

ఐదో మెట్టు: జెట్. చోక్ నొక్కేసి, ముందు కార్బురేటర్ కిందికి వంగి చూస్తే అసలు సంగతి బయటపడింది. నెలల తరబడి కదలక జెట్ కిందనే ఇరుక్కుపోయింది. చోక్ నొక్కినా అది పైకి రావడం లేదు. అంటే ఆ కార్బురేటర్‌కు ఎప్పుడూ చోక్ లాగినట్టే ఉంది! జెట్‌ను శుభ్రం చేసి, చోక్ లింకులకు కాస్త ఆయిల్ వేస్తే చాలు. అది నట్టుకు ఆనుకుంది, పొగ పోయింది.

నట్టు ముందే తిప్పి ఉంటే?

ఇప్పుడు యజమాని దగ్గరికి వద్దాం. అతను మొదటే నట్టు పైకి బిగించి ఉంటే ఏమయ్యేది? జెట్ నట్టుకు ఆనుకునే లేదు కాబట్టి ఏ మార్పూ వచ్చేది కాదు. ఇంకా తిప్పేవాడు, ఇంకా తిప్పేవాడు. తరువాత ఏ రోజో దారిలో జెట్ తానే ఊడి పైకి వచ్చేది. అప్పుడు మిశ్రమం మరీ లీన్ అయి ఇంజనుకే ముప్పు వచ్చేది. ఒక తప్పు రెండయ్యేది. ఇరుక్కున్నదాన్ని విడిపించాలి కానీ, దానికి తగ్గట్టు మంచిదాన్ని తిప్పకూడదు.

అంతా సరయ్యాక ఒక పరీక్ష మిగిలింది. వేడెక్కిన ఇంజను స్లో స్పీడులో ఉండగా చిన్న పిన్నుతో పిస్టన్‌ను 1 మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ లేపాలి. స్పీడు క్షణంపాటు పెరిగి మళ్లీ మామూలైతే మిశ్రమం సరి. పెరిగి అలాగే ఉంటే రిచ్. పడిపోతే లీన్. ఏదైనా సరిచేయాలంటే ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినది రాసుకోవాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మనకూ ఒక మాట

బదిలీ మీద కొత్త ఊరికి, కొత్త బడికి వెళ్లినవారికి ఇది తెలిసిన సంగతే. మొదటి యూనిట్ టెస్టులో మార్కులు తగ్గితే "వీడికి లెక్కలు రావు" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. పాత బడిలో ఆ పాఠం అయిందా? క్లాసులో మాట్లాడే భాష అర్థమవుతోందా? వెనక బెంచీ నుంచి బోర్డు కనిపిస్తోందా? ఇవేవీ చూడకుండానే నట్టు తిప్పేస్తారు. ఈసారి మీ క్లాసుకు కొత్త పిల్లవాడు వస్తే, పక్కన కూర్చుని ఈ ప్రశ్నలు మీరే అడగండి. మీకే అలాంటి మార్కులు వస్తే, ఈ ప్రశ్నలు రాసుకుని టీచరు దగ్గరికి వెళ్లండి.

చేసి చూడండి

1. అట్టముక్కకు పెన్సిల్ పట్టేంత గుండ్రటి రంధ్రం చేయండి. చెక్కిన పెన్సిల్ మొనను అందులో దించి, మెల్లగా పైకి లాగండి. రంధ్రంలో ఖాళీ ఎలా మారుతోందో గమనించండి.
2. 3, 4 ప్లగ్గులు నల్లగా, 1, 2 ప్లగ్గులు గోధుమరంగులో ఉంటే మీరు ఏ కార్బురేటర్‌ను చూస్తారు? ఎందుకు?
3. పెట్రోలు పంపు టిక్ టిక్ ఆగకుండా కొడుతోంది. కారు నడపడం ఎందుకు ప్రమాదం?

జాగ్రత్త: పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. అసలు ఇంజను దగ్గర ఈ పరీక్షలు పెద్దవాళ్లే, ఆరుబయట చేయాలి. మీరు దూరంగా నిలబడి చూడండి, వినండి, ప్రశ్నలు అడగండి.