తెరమీది గుర్తును చదువుదాం

మందుసీసా చేతికి వస్తే మనం మొదట ఏమి చూస్తాం? దానిమీద అంటించిన చీటీని. అది ఏ మందు, ఎవరు తయారుచేశారు అన్న సంగతులు అందులో ఉంటాయి. టెలివిజన్‌లో చూసే కార్టూన్ కథకు కూడా అలాంటి చీటీ ఒకటి ఉంది. కథకు ముందో, చివరనో రెండు మూడు సెకన్లపాటు కనిపించే కంపెనీ గుర్తే ఆ చీటీ. దీనినే లోగో అంటారు.

ఈ గుర్తు తెరమీద తిరుగుతుంది, మెరుస్తుంది, పెద్దదవుతుంది. నిజానికి అక్కడ కదిలేది ఏదీ లేదు! సినిమాలో సెకనుకు 24 నిశ్చల చిత్రాలు వరుసగా కనిపిస్తాయి. అంటే 3 సెకన్ల గుర్తుకు 24 × 3 = 72 చిత్రాలు కావాలి. ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ తేడా స్వల్పం. అవి వెంటవెంటనే రావడంవల్ల మన మెదడు వాటిని కలిపి ఒకే చలనంగా గ్రహిస్తుంది. కదిలే వస్తువు వైపు చూపు తనంతట తానే మళ్లుతుంది. గుర్తును కదిలించడంలోని కిటుకు ఇదే. దానికి తోడు ప్రతిసారీ ఒకే రాగం వినిపిస్తే ఆ గుర్తు మనసులో నాటుకుంటుంది.

ఇక ఈ చీటీ చెప్పే సంగతి చూద్దాం. అమెరికాలో హాసెన్‌ఫెల్డ్ సోదరులు 1923లో ఒక కంపెనీ స్థాపించారు. ‘హాసెన్‌ఫెల్డ్ బ్రదర్స్’ అన్న రెండు మాటల మొదటి భాగాలు కలిపితే ‘హాస్‌బ్రో’ అయింది. కాలక్రమాన ఆటబొమ్మలే దాని ముఖ్య వ్యాపారమయ్యాయి. 1984లో అది ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ బొమ్మలను అంగళ్లకు పంపింది. అదే ఏడాది అవే బొమ్మలు పాత్రలుగా టెలివిజన్ ధారావాహిక కూడా వచ్చింది. 2009లో కంపెనీ సొంతంగా స్టూడియోనే నెలకొల్పింది. 2010లో మొదలైన ‘మై లిటిల్ పోనీ: ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్’ కథల చివర ‘హాస్‌బ్రో స్టూడియోస్’ గుర్తు కనిపించేది. అంటే కథ చెప్పేవారూ, బొమ్మ అమ్మేవారూ ఒకరే అన్నమాట!

అంతమాత్రాన కథ చెడ్డదని కాదు. ఎంతో బాగుండవచ్చు కూడా. అయితే ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ప్రకటన వెనుక దాగిన అమ్మకపు ఉద్దేశాన్ని సరిగా గ్రహించలేరని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం నియమించిన నిపుణులు 2004లో తెలియజేశారు. ఆ వయసు తమ్ముడో చెల్లెలో మీ ఇంట్లో ఉంటే, వారికి ఈ చీటీ చదివి చెప్పవలసింది మీరే.

ఈసారి కార్టూన్ ముగియగానే లేచిపోకండి. గుర్తులోని పేరును నోటుపుస్తకంలో రాసుకోండి. తరువాత బొమ్మల అంగడిలో అట్టపెట్టెలమీద ఆ పేరు ఉందేమో వెదకండి. ఎన్ని దొరికాయో లెక్కపెట్టి, తరగతిలో మీ స్నేహితుల లెక్కతో పోల్చి చూడండి.