టక్‌మన్నాక ఆపండి

నరసన్నపేట నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే పక్కన బళ్ళు బాగుచేస్తూనే నా వయసు గడిచింది. పెట్రోలు కొట్టించాక కారులో వాసన వస్తోందని వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అంబాసిడర్లూ, కార్బురేటరు ఉన్న మారుతి 800లూ తిరిగిన రోజుల్లో కాస్తంత వాసనను ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పటి కారుకు ఆ మాట చెల్లదు. ట్యాంకులోని ఆవిరి బయటికి రాకుండా దానికి పూర్తిగా మూసిన దారి ఉంది. వాసన వచ్చిందంటే ఆ దారి ఎక్కడో తెగిందనే అర్థం.

1. ముందు మనుషుల్ని దింపండి. కింద చుక్క కనిపించినా, లోపల కూర్చుంటే కళ్ళు మండినా స్టార్టు చెయ్యొద్దు. తలుపులన్నీ తీసి, బండిని ఆరుబయటికి నెట్టండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది. గాలిలో 1.4 శాతం కలిస్తే చాలు, వరండాలో దీపం నుంచైనా అంటుకుంటుంది. బంకులోనే చుక్క చూస్తే అక్కడి కుర్రాళ్ళను పిలవండి. ఇసుక బకెట్లు పెట్టింది అందుకే.

2. పానా పట్టేముందు ఒక్క ప్రశ్న: వాసన ఎప్పుడొస్తోంది? ట్యాంకు నిండినప్పుడే వచ్చి, కాస్త ఖర్చయ్యాక పోతుంటే లోపం ట్యాంకు పైభాగంలో ఉంది. ఎంత ఉన్నా వస్తుంటే ట్యాంకు అడుగో, ఇంజనుకు వెళ్ళే పైపో చూడాలి. కళ్ళం పక్కన నిలిపే బళ్ళకు ఎలకలు పైపు కొరకడం నేను చాలాసార్లు చూశాను. నింపిన వెంటనే స్టార్టు కాకుండా మొరాయించి, మిగతా రోజుల్లో బాగానే ఉంటే ట్యాంకు ఆవిరిని ఇంజనులోకి వదిలే పర్జ్ వాల్వు మూసుకోవడం లేదేమో చూడండి.

3. ఎక్కువమంది కొని తెచ్చుకునే జబ్బు ఇదే. ట్యాంకు నిండగానే గన్ను టక్‌మని ఆగుతుంది. అక్కడితో ఆపాలి. మనవాళ్ళు ఆపరు. రెండువేలకు సరిచెయ్యమని ఒకరు, ఒడిశాలో లీటరు మీద కొన్ని రూపాయలు తక్కువని పాతపట్నం నుంచి పర్లాకిమిడి దాకా వెళ్ళి మూతి అంచుదాకా పోయించుకునేవారు ఇంకొకరు. ట్యాంకు పైన వదిలే ఖాళీ ఆవిరి కోసం. అది నిండితే ఆవిరి గొట్టంలోకి పెట్రోలే ఎక్కి, బొగ్గు డబ్బాలోకి, అంటే క్యానిస్టర్లోకి దిగుతుంది. ఆ బొగ్గు ఆవిరిని పట్టి ఉంచడానికి పెట్టింది. పెట్రోలులో తడిస్తే పనిచెయ్యదు, వాసన బయటికే కొడుతుంది. అమెరికాలో 1971 మోడళ్ళ నుంచే కార్లకు ఈ ఏర్పాటు ఉంది.

దీనికి మన ఎండ తోడు. పెట్రోలు పది డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక శాతం పెరుగుతుంది. 40 లీటర్ల ట్యాంకులో అది 400 మిల్లీలీటర్లు. భూమిలోపలి ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన పెట్రోలును అంచుదాకా నింపి, రోహిణి కార్తెలో కారును ఎండలో పెడితే ఆ పెరిగింది ఎక్కడికి పోతుంది? ఒకటి రెండుసార్లే అలా జరిగి ఉంటే, కొంత పెట్రోలు ఖర్చయ్యేదాకా నడిపి చూడండి, చాలావాటికి అదే తగ్గుతుంది. తగ్గకపోతే క్యానిస్టర్ మార్చాల్సిందే. అది ఖరీదైన వస్తువు.

4. మూత లోపలి రబ్బరు చుట్టు చూడండి. పగిలినా, గట్టిపడినా మూత మార్చెయ్యండి.

5. మూతి నుంచి ట్యాంకులోకి దిగే గొట్టం వెనక చక్రం పైన ఉంటుంది. బారువ, కళింగపట్నం, భోగాపురం లాంటి చోట్ల ఉప్పుగాలికి దాని క్లాంపు ముందు తుప్పు పడుతుంది. చక్రం విప్పి టార్చి వేసి చూడండి. టార్చి ముందే వెలిగించుకుని దగ్గరికి వెళ్ళాలి. అంతా పొడి దుమ్ముండి, ఒక్కచోట నల్లగా తడిసి అంటుకుని ఉంటే లీకు అక్కడే. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు మాత్రమే వాసన వస్తోందంటే అనుమానం మొదట ఈ గొట్టం మీదా, తర్వాత పంపు మీదా పెట్టుకోవాలి. మలుపుల్లో నిండు ట్యాంకులోని పెట్రోలు అటే ఎగసి కొడుతుంది.

6. “సెంటు బిళ్ళ పెట్టినా పోడం నేదు మావా” అంటూ ఒకాయన బండి తెచ్చాడు. వెనక సీట్లో చిన్నపిల్ల ముక్కు మూసుకుని కూర్చుంది. చాలా కార్లలో పెట్రోలు పంపు ఆ సీటు కిందే ఉంటుంది. సీటెత్తి, రేకు మూత విప్పితే పంపు చుట్టూ దుమ్ము తడిసి ముద్దయి ఉంది. అంతకుముందు ఎక్కడో పంపు మార్చినవాళ్ళు పాత రబ్బరు రింగునే మళ్ళీ వేశారు. పెట్రోలులో నానిన రింగు ఉబ్బుతుంది, గాడిలో సరిగా కూర్చోదు. పంపు విప్పిన ప్రతిసారీ కొత్త రింగు వేయించండి, పాతది చేతిలో పెట్టమనండి. సెంటు బిళ్ళ వాసనను కప్పుతుందే గాని ఆవిరిని ఆపదు. ఆ ఆవిరిలో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. పిల్లల్ని అందులో కూర్చోబెట్టి ఊళ్ళు తిప్పకండి.

7. సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగ బిగించడం, రేడియేటరు గొట్టం కోసి తగిలించడం, సబ్బు రాయడం ఇప్పటికీ చూస్తున్నాను. ఆ రబ్బర్లు పెట్రోలుకు ఉబ్బి మెత్తబడతాయి. పెట్రోలు గొట్టమని అడిగి కొనండి. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది, కాబట్టి పాతబడిన కార్లలో గొట్టాలూ సీళ్ళూ ఇంకా తరచుగా చూసుకోవాలి.

8. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగు పెట్టనివ్వకండి. ఖాళీ ట్యాంకు నిండా ఆవిరే ఉంటుంది. నిండు ట్యాంకుకంటే అదే ప్రమాదం.

9. ఎక్కడా తడి లేకపోతే డిక్కీ చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం చీకట్లో ఉన్నప్పుడు జనరేటర్ల కోసం జనం కార్లలో క్యానులు మోశారు. డిక్కీ తివాచీ మీద కాస్త ఒలికినా వారాల తరబడి వాసన కొడుతుంది. తివాచీ తీసి నీడలో, గాలికి ఆరబెట్టాలి.

10. పని అయ్యాక టక్‌మనేదాకా నింపించి, రాత్రి ఆరుబయట ఉంచండి. తెల్లారి తలుపు తీసి వాసన చూసేది మీరు కాకూడదు, ఆ కారులో రోజూ తిరగనివాళ్ళు కావాలి. మీ ముక్కు దానికి అలవాటు పడిపోయి ఉంటుంది.