గర్భిణికి రెండోసారి గ్లూకోజ్ పరీక్ష ఎందుకు?

ప్రశ్న: ఇంట్లో ఎవరికీ షుగర్ లేకపోయినా గర్భిణికి ఆరో నెలలో మళ్లీ గ్లూకోజ్ పరీక్ష అవసరమా?

జవాబు: అవసరమే. గర్భంలో మాయ విడుదల చేసే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. నెలలు నిండేకొద్దీ ఆ అడ్డు పెరుగుతుంది. క్లోమం అందుకు తగ్గ ఇన్సులిన్ ఇవ్వలేకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. చాలామందికి లక్షణాలే ఉండవు. నీరసం, దాహం ఉన్నా కడుపుతో ఉన్నప్పుడు మామూలేనని వదిలేస్తారు. అందుకే కేంద్ర ఆరోగ్యశాఖ 2018 మార్గదర్శకాల ప్రకారం ఆస్పత్రికి మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, అప్పుడు బాగుంటే 24–28 వారాల మధ్య మరోసారి పరీక్షించాలి.

దీనికి పరగడుపున రానక్కర్లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో తండాల నుంచి, మారుమూల పల్లెల నుంచి వచ్చే గర్భిణులకు ఇది పెద్ద వెసులుబాటు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5–10 నిమిషాల్లో తాగాలి. రెండు గంటల తర్వాత చక్కెర డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే గర్భధారణ మధుమేహమే. తాగిన అరగంటలోపు వాంతయితే పరీక్ష మర్నాడు మళ్లీ చేయాలి.

షుగర్ ఉందని తేలగానే తిండి మానేయడం పెద్ద పొరపాటు. అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూరలు పెంచి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు వదులుకోకూడదు. ఇలా తిన్న రెండు వారాల తర్వాత కూడా, భోజనమైన రెండు గంటలకు చక్కెర 120 లేదా అంతకు మించి ఉంటే డాక్టర్లు మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ మొదలుపెడతారు. అశ్రద్ధ చేస్తే బిడ్డ అధిక బరువు పెరిగి కాన్పు కష్టమవుతుంది.

షుగర్ ఉందని తేలిన తల్లికి కాన్పు తర్వాత 6 వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్‌తో మళ్లీ పరీక్ష చేయించాలి.