కనిపించని రూపాయి – పిల్లలకు మనం నేర్పని లెక్క



మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ముతో ఈ కొండ ప్రాంతంలో ఎందరో పిల్లలకు ఫీజులు, పుస్తకాలు సమకూరుతున్నాయి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. అయితే ఆ సొమ్ము పిల్లవాడి చదువుకు చేరకుండా దారిలోనే జారిపోయిన సందర్భాలను ఉపాధ్యాయులుగా మేము చూశాము. అందులో ఒకటి మీ ముందుంచి, దాని నుంచి మేము నేర్చుకున్నది చెప్పాలనుకుంటున్నాము.

రెండేళ్ల క్రితం అరకులోయలో మా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన ఒక అబ్బాయికి తండ్రి లేడు. తల్లి బట్టలు కుడుతుంది. ఒక దాత దయతో ఫీజుకు, పుస్తకాలకు రూ.3,000 నేరుగా ఆ తల్లి ఖాతాలో వేశారు. గడువు నాటికి ఖాతాలో మిగిలింది రూ.212. ఎవరో మోసగాళ్లు దోచుకున్నారని ఆమె ఏడ్చింది. పాస్‌బుక్‌లో వివరాలు వేయించి చూస్తే అన్నీ చిన్న చిన్న చెల్లింపులు: రూ.40, రూ.80, మళ్లీ రూ.80. ఫోన్‌లో ఆడే ఆటలో ‘వజ్రాలు’ కొన్న ఖర్చు అది. తల్లికి చదవడం రాదు. డబ్బు పడిందో లేదో మెసేజ్ చదివి చెప్పేది ఆ అబ్బాయే. యూపీఐ పిన్ పెట్టి ఇచ్చిందీ అతడే.

మేము చేసిన మొదటి పని అందరి ముందూ మందలించడం. ఆ పిల్లవాడు వారం రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్లి పక్కన కూర్చుని అడిగితే తల వంచుకుని ఒకే మాట అన్నాడు: “అది డబ్బని అనిపించలేదు సార్. నంబరు తగ్గేది, అంతే.”

ఆ మాటతో మా తప్పు మాకు తెలిసింది. లాభనష్టాలు, చక్రవడ్డీ అన్నీ నల్లబల్ల మీద నేర్పాము. రూపాయి చేతిలోంచి ఎలా పోతుందో మాత్రం ఎన్నడూ నేర్పలేదు.

రూపాయి రెండుసార్లు మాయమవుతోంది

మన చిన్నతనంలో సంతకు వెళ్తే అమ్మ పది రూపాయలు ఇచ్చేది. రెండు ఖర్చు చేస్తే ఎనిమిది మిగిలాయని చేతికే తెలిసేది. 2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు మన సంతలో పసుపు, చింతపండు, రాజ్‌మా అమ్మే చోట కూడా క్యూఆర్ కోడ్ అట్ట కనిపిస్తోంది. ఇది మంచిదే. చిల్లర బాధ తప్పింది, లెక్క నిలుస్తోంది. కాని నోటుతో బతికి ఆ తర్వాత అంకెకు వచ్చినవాళ్లం మనం. మన పిల్లలు నోటును సరిగా చూడకుండానే అంకె దగ్గర మొదలుపెట్టారు.

ఆటలు తయారుచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే రూపాయిని నేరుగా ఖర్చు చేయనివ్వరు. ముందు వజ్రాలుగానో నాణేలుగానో మారుస్తారు. నోటు అంకె అయినప్పుడు ఒకసారి, అంకె వజ్రం అయినప్పుడు రెండోసారి లెక్క తప్పుతుంది. తెరిచేదాకా లోపల ఏముందో తెలియని పెట్టెలను కూడా అమ్ముతారు. వాటిలో జూదపు వాసన ఉందని వేరే చెప్పనక్కరలేదు.

2022 జూన్‌లో హైదరాబాద్‌లో వెలుగుచూసిన ఉదంతం మీలో చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు. తండ్రిని కోల్పోయిన 16 ఏళ్ల బాలుడు ఫోన్ ఆట మీద తల్లి ఖాతాల నుంచి దాదాపు రూ.36 లక్షలు ఖర్చు చేశాడు. తల్లి బ్యాంకుకు వెళ్లేదాకా ఆ సంగతి తెలియలేదు. మొదలైంది మాత్రం చిన్న మొత్తాలతోనే.

చట్టం కొంతవరకే

మన రాష్ట్రం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి పందేల ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. సంతోషం. అయితే తిరిగి డబ్బు వస్తుందన్న ఆశ లేకుండా ఆటలో బట్టలు, తుపాకులు, వజ్రాలు కొనడం ఆ నిషేధం కిందకు రాదు. మా అబ్బాయి ఖర్చు అలాంటిదే. కాబట్టి ఇక్కడ కాపలా ఇంట్లోనే మొదలు కావాలి.

ఖుర్ఆన్ చూపిన పద్ధతి

సూరా నిసా 5, 6 ఆయతులు యతీముల సొమ్ము గురించి సంరక్షకులకు చెప్పినవి. వివేకం స్థిరపడని వారి చేతికి ఆస్తి అప్పగించవద్దని, అందులోంచి వారికి తిండి, బట్ట సమకూర్చి వారితో మంచిగా మాట్లాడమని అల్లాహ్ ఆదేశించాడు. ఈడు వచ్చేవరకు యతీములను పరీక్షిస్తూ ఉండమని, వివేకం కనిపించాక వారి సొమ్ము వారికి ఇవ్వమని, ఇచ్చేటప్పుడు సాక్షులను పెట్టుకోమని ఆదేశించాడు. పరీక్షించడం అంటే కొద్దిపాటి సొమ్ము చేతికిచ్చి ఎలా వాడుతున్నారో గమనించడం అని ఎందరో వ్యాఖ్యాతలు వివరించారు.

ఇందులో ఉపాధ్యాయ శిక్షణలో చెప్పే పాఠమంతా ఉంది. మొత్తం ఇచ్చేయడం తప్పు. అసలు ఇవ్వకపోవడం కూడా పరీక్ష కాదు. కొద్దిగా ఇవ్వాలి, చూడాలి, పెంచాలి, లెక్క రాసుకోవాలి. తప్పు జరిగినా మంచి మాటే మాట్లాడాలి. ఆ చివరి ఆదేశం దగ్గరే మేము తప్పాము.

సంతలో ఒక పాఠం

మదీనాకు వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానన్నప్పుడు, ఆయన దీవించి బజారుకు దారి చూపమన్నారు. నెయ్యి, ఎండు జున్ను వ్యాపారంతో మొదలుపెట్టి నిలదొక్కుకున్నారు.

మేము కూడా పదిమంది పిల్లలను వారపు సంతకు తీసుకెళ్లాము. తలా రూ.50 ఇచ్చి ఇంటికి కూరగాయలు కొని లెక్క రాయమన్నాము. ఒకడు మొదటి దుకాణంలోనే అంతా ఖర్చు చేశాడు. ఒక అమ్మాయి నాలుగు చోట్ల ధర అడిగి రూ.12 మిగిల్చింది. ఫోన్‌లో రూ.80 చొప్పున ఖర్చుచేసిన మన అబ్బాయి మాత్రం చాలాసేపు ఏమీ కొనలేదు. ఎందుకురా అంటే, “నోటు విప్పడానికి మనసు రావట్లేదు సార్” అన్నాడు.

తరువాత తరగతిలో ఒక లెక్క ఇచ్చాము. ఉపాధి హామీ పనిలో 2025-26కు మన రాష్ట్రంలో రోజు కూలి రూ.307. ఎనిమిది గంటల పని అనుకుంటే గంటకు సుమారు రూ.38. అంటే రూ.80 వజ్రాలు ఎండలో రెండు గంటలకు పైగా మట్టి తవ్విన కష్టం. తల్లులు పలుగు పట్టే ఇళ్ల పిల్లలు చాలామంది ఉన్న ఆ తరగతి నిశ్శబ్దమైంది.

ఇంట్లో చేయదగినవి

1. పిన్ పిల్లలకు తెలిస్తే ఈరోజే మార్చండి. చదవడం రాని తల్లికి నాలుగు లేదా ఆరు అంకెలు గుర్తుపెట్టుకోవడం నేర్పడం కష్టం కాదు. యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ అడగదు. పిల్లలు వాడే ఫోన్‌లో దాన్ని తీసేయండి.

2. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

3. పెద్ద పిల్లలు ఫోన్‌తో చెల్లించక తప్పకపోతే 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ వాడండి. పిల్లవాడి ప్రతి చెల్లింపూ మీరు అనుమతిస్తేనే జరిగేలా పెట్టుకోవచ్చు.

4. చిన్న పిల్లలకు వారం ఖర్చు నోట్లు, నాణేలుగానే ఇవ్వండి. ఖర్చుకు, దాచుకోవడానికి, సదఖాకు మూడు డబ్బాలు పెట్టించండి. అయిపోతే మధ్యలో మళ్లీ ఇవ్వకండి.

5. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు వీలు కల్పించింది. పరిమితులు మీ బ్యాంకులో అడిగి తెలుసుకోండి.

6. నిజంగా మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

దాతలకు విన్నపం

మొదటిది, పండుగనాడు ఈదీని ఫోన్‌లో పంపకుండా పిల్లల చేతిలో పెట్టండి. దాన్ని ఏం చేశారో నెల తరువాత ప్రేమగా అడగండి. మీ ఇళ్ల పిల్లలకూ ఇది వర్తిస్తుంది. ఉన్నవారి ఇళ్లలో ఈ ఖర్చు త్వరగా బయటపడదు, అంతే తేడా.

రెండవది, సాయం పొందే ప్రతి పిల్లవాడికీ ఒక చిన్న లెక్కల పుస్తకం, తల్లీబిడ్డలిద్దరికీ కలిపి ఏడాదికి ఒక పూట శిక్షణ సొసైటీ తరఫున ఏర్పాటు చేద్దాము. ఫీజు సొమ్మును వీలైనచోట నేరుగా పాఠశాలకే కట్టి, పుస్తకాల ఖర్చు మాత్రం పిల్లల చేతుల మీదుగా జరిపిద్దాము. దానం భద్రంగా ఉంటుంది, పరీక్షా జరుగుతుంది.

ఆ అబ్బాయి ఏమయ్యాడని మీరు అడగవచ్చు. ఆ ఏడాది ఫీజు, పుస్తకాలకు కావలసిన రూ.1,400 మేము కొందరం ఖర్జె హసనాగా సర్దాము. నెలకు వంద చొప్పున, సెలవుల్లో దుకాణంలో పనిచేసి, 14 నెలల్లో తీర్చాడు. ప్రతి వందా పుస్తకంలో రాసి, తల్లి చేత సాక్షి సంతకంగా వేలిముద్ర వేయించేవాడు. చివరి నెల ఆమె వేలిముద్రకు బదులు వంకరటింకరగా తన పేరు రాసింది. నేర్పింది కొడుకే.

మన పిల్లలను దుబారాకూ, పిసినారితనానికీ నడుమ మధ్యేమార్గంలో నడిపించమని, మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఆమీన్.