పంతులు నుంచి కాన్సుల్ దాకా: గాల్ ప్రముఖుల లాటిన్ చదువు

పోటీ పరీక్షల ప్రత్యేకం – ప్రపంచ చరిత్ర

4వ శతాబ్దపు రోమన్ కవి ఆసోనియస్ గాల్‌ (నేటి ఫ్రాన్స్, దాని పరిసర ప్రాంతం)లోని బోర్డోలో సుమారు 30 ఏళ్లు వ్యాకరణం, వక్తృత్వం బోధించాడు. తండ్రి వైద్యుడు. ఆయనకు గ్రీకు వచ్చినంత ధారాళంగా లాటిన్ రాదని కొడుకే ఒక కవితలో చెప్పాడు. అలాంటి ఇంట పుట్టిన పంతులును రోమన్ చక్రవర్తి మొదటి వాలెంటీనియన్ తన కుమారుడు గ్రేషియన్‌కు గురువుగా పిలిపించుకున్నాడు. శిష్యుడి ఏలుబడిలో గురువుగారి దశ తిరిగింది: 379లో కాన్సుల్ (రోమన్ రాజ్యంలో అత్యంత గౌరవప్రదమైన పదవి) అయ్యాడు. తండ్రికీ, కొడుక్కీ, అల్లుడికీ పదవులు దక్కాయి. బంధుప్రీతి ఏ కాలంలోనైనా ఉన్నదే!

పరీక్షకు ముఖ్యం అదే గ్రేషియన్ ఏలుబడిలో వచ్చిన 376 నాటి శాసనం. గాల్‌లోని పెద్ద నగరాల్లో వక్తృత్వ గురువుకు 24, వ్యాకరణ గురువుకు 12 'అనోనా'లు (రేషన్ రూపంలోని జీతం) ఇవ్వాలన్నది దాని సారం. చక్రవర్తి కొలువుండే ట్రియర్‌లో వక్తృత్వ గురువుకు 30, లాటిన్ వ్యాకరణ గురువుకు 20, గ్రీకు గురువుకు 12. అదీ తగినవాడు దొరికితేనే! పశ్చిమాన గ్రీకు ఎంత సన్నగిల్లిందో ఈ షరతే చెబుతుంది. అంకెల కన్నా దీన్ని గుర్తుంచుకోండి.

5వ శతాబ్దంలో రోమన్ పదవులు కరిగిపోతుంటే, ఇక కులీనులను గుర్తుపట్టేది చదువుతోనేనని క్లెర్మాంట్ బిషప్ సిడోనియస్ ఒక లేఖలో రాశాడు. గాల్‌లో స్థిరపడ్డ జర్మానిక్ తెగ బర్గండియన్ల భాష గడగడా నేర్చేసుకున్న మిత్రుడు సయాగ్రియస్‌ను ఆటపట్టిస్తూనే, లాటిన్ పుస్తకాలు వదలొద్దని మరో లేఖలో హితవు చెప్పాడు.