పాత ట్రక్కు జీపుకు ఆటోమాటిక్ గేరు అమర్చవచ్చునా?

ముత్తుకూరు ప్రాంతమున రొయ్యల గుంటలకు మేత, ఐసు, డీజిలు చేరవేయు పాత ట్రక్కు జీపులను రైతులు అంత సులభముగా వదలుకొనరు. ఇంజను గట్టిగా ఉన్నంతవరకు బండిని అమ్ముటకు మనసొప్పదు. అయితే గుంటకట్టలపై ఆగుచు సాగుచు, కృష్ణపట్నం రేవు రోడ్డులో లారీల వెనుక ప్రాకుచు నడుపునపుడు క్లచ్చి తొక్కి తొక్కి ఎడమ మోకాలు పట్టుకొనిపోవును. వయసు మీరిన రైతు బండి నడుపుట మానవలెనా, లేక గేర్ బాక్సు తీసివేసి ఆటోమాటిక్ పెట్టించవలెనా? డబ్బు ఖర్చు పెట్టుటకు ముందే ఈ సంగతి ఆలోచించుకొనుట మంచిది.

ఆటోమాటిక్ గేరు కొత్త విద్య కాదు. అమెరికాలో జనరల్ మోటార్సు వారు 1940 నాటి ఓల్డ్స్‌మొబీల్ కార్లతోనే దీనిని విరివిగా అమ్మసాగిరి. ఇందులో కాలితో తొక్కు క్లచ్చి ఉండదు. ఇంజనుకు, గేర్లకు నడుమ టార్క్ కన్వర్టరు అను నూనె నిండిన గుండ్రని పెట్టె ఉండును. రెండు పంకాలను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని తిప్పినచో ఆ గాలికి రెండవది తిరుగును గదా! ఇక్కడ గాలి చేయు పనిని నూనె చేయును. బండి కదలునపుడు నడుమనున్న మూడవ చక్రము నూనెను మళ్ళించి, ఇంజను త్రిప్పుబలమును ఇంచుమించు రెండింతలు చేయును. బరువుతో కదలుట అందువలననే సుళువు. కాని నూనె ఇట్లు చిలుకబడినపుడు వేడి పుట్టును. మన చిక్కంతయు ఈ వేడితోనే.

ఎండాకాలము ఐసు పెట్టెలతో కట్టపై మెల్లగా పోవు బండికి ఎదురుగాలి తగలదు. నూనె మాడిన క్రొద్దీ లోపలి పలకలు అరిగిపోవును. కావున నూనెను చల్లార్చు కూలరు వేరుగా పెట్టనిదే ఈ పనికి పూనుకొనరాదు. కూలరు అనవసరమను మెకానిక్కు మాట వినవద్దు.

ఇక అమరిక సంగతి. పెట్టె ఒక్కటి మార్చిన సరిపోదు. బెల్ హౌసింగు మీ ఇంజనుకు సరిగా బిగియవలెను. ఫ్లైవీలుకు బదులు పలుచని రేకు చక్రము వేయవలెను. దాని పళ్ళు సెల్ఫ్ మోటారుకు అందవలెను. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారును. నాలుగు చక్రములకు బలమందు జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ బాక్సు వెనుకనే బిగించియుండును గనుక ఆ భాగమును కుదరవలెను. అన్నిటికన్న పెద్ద తప్పు పెట్రోలు కారు పెట్టెను డీజిలు ఇంజనుకు తగిలించుట. డీజిలు ఇంజను తక్కువ చుట్లలోనే బలమిచ్చును. ఎక్కువ చుట్లకై చేసిన పెట్టె దానికి తగిన వేళ గేరు మార్చదు. అదే ఇంజనుతో వచ్చిన ఆటోమాటిక్ బండినుండి మొత్తము సామాను దొరికిన తప్ప ముందుకు పోవద్దు.

చట్టము మాటయు వినవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండిలో మార్పులను కట్టడి చేయుచున్నది. తయారీదారు నిర్దేశించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే ఏటి సవరణ ప్రకారము అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అంగవైకల్యము గలవారికై బండిని మార్చుకొనుటకు మాత్రము చట్టములో దారి ఉన్నది. నెల్లూరు రవాణా కార్యాలయములో అర్జీ పెట్టి, అనుమతి కాగితము చేతికి వచ్చిన పిదపనే పని మొదలిడుడు. నోటిమాట చాలదు.

పెక్కుమంది రైతులకు ఇంత పని అవసరమే పడదు. పెడలు బరువెక్కుటకు కారణము తరచుగా ఉప్పుగాలికి తుప్పుపట్టిన క్లచ్చి కేబులు, గ్రీజు ఎరుగని ఇరుసు, లేదా అరిగిన ప్రెషరు ప్లేటు. ముందు వీటిని బాగుచేయించి నెల దినములు నడిపి చూడుడు. అప్పటికిని మోకాలు సహకరింపనిచో గేర్ బాక్సును కదపక, క్లచ్చిని మాత్రము యంత్రమే తొక్కునట్లు చేయు పరికరములు కలవు. ఇది తేలిక; దీనికిని అనుమతి సంగతి విచారింపవలెను. చేతిలో డబ్బున్నవారు కంపెనీయే ఆటోమాటిక్‌గా చేసిన ట్రక్కును చూచుట మేలు. 2016లో శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరచిన ఇసుజు వారు అట్టివి అమ్మియున్నారు.

ఇదివరకే ఆటోమాటిక్ బండి ఉన్నవారికి రెండు మాటలు. బ్యాటరీ దిగినపుడు నలుగురు కూలీలు తోసినను ఈ బండి స్టార్టు కాదు. కట్టమీద రాత్రి పట్టుబడికి పోవునపుడు మంచి బ్యాటరీ ఉండవలెను. చెడిన బండిని తాడు కట్టి లాగుటయు తగదు. ఇంజను ఆగియుండగా చక్రములు తిరిగినచో లోపల నూనె అందక పెట్టె పాడగును. గుంటలోనికి దిగు వాలుపై లీవరును తక్కువ గేరులో ఉంచుడు. ఉప్పునీటిలో దిగిన బండికి వెంటనే నూనె పుల్ల తీసి చూడుడు. ఎర్రని నూనె పాలు కలిపినట్లు కనిపించినచో నీరు చేరినదన్నమాట. ఇంజను నడపక, బండిని వేరొక వాహనముపై ఎక్కించి మెకానిక్కు వద్దకు చేర్చుడు.